ఐదు వేళ్ల మహాసమరం

సహస్రకిరణుడు తన పగటి డ్యూటీ ముగించి, పడమటి గుమ్మం దగ్గర హాజరు సంతకం పెట్టి, దిగిపోవడానికి సన్నద్ధుడవుతున్న ఆ సంధ్యాసమయాన, ఏడంతస్తుల హోటలు గర్భకుహరంలో, అసంఖ్యాక దుప్పట్ల మాలిన్యాన్ని అహోరాత్రాలు సంహరించే లాండ్రీ అనే రణరంగంలో, ఉతికే యంత్రాల ఘోష ఆగింది. ఆవిరిమేఘాలు విచ్చుకున్నాయి. ఓ వాక్కా! నీది ఏ భాషైనా సరే, ఒక్క పావుగంట మా వీరుడి నాలుక మీద కూర్చో. తర్వాత నీ ఇష్టం.

వీరుడంటే సామాన్యుడు కాడు. ఉష్ణలోహపాణి, ముడతల పాలిటి మృత్యుదేవత, దిండుగలీబు చతుష్కోణ నిర్మాణ ధురంధరుడు. అంటే, ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తాడు. ముక్కు మీద సీసా అడుగులంత మందం కళ్లజోడు.

ఇక ప్రతినాయకుడు. ప్రచండమారుత యంత్రాధిపతి, ఘనగంభీర కంఠుడు, మూడు బస్తాల తడి తువ్వాళ్లను ఒంటిచేత్తో ఎత్తగల మహాభుజుడు. బట్టలారబెట్టే మిషన్ల దగ్గర ఉంటాడు. అతనెవరో కాదు, వీరుడి పెదనాన్న కొడుకు. అన్నయ్య.

వైరం పాతది. వీరుడికి ఏడేళ్లప్పుడు కళ్లజోడు వచ్చింది. వచ్చిన రోజే పోయింది. అన్నయ్య దాన్ని లాక్కుని నీళ్లతొట్టి గట్టెక్కి, చెయ్యెత్తి, "ఇవెన్నిరా గుడ్లగూబా?" అన్నాడు. మూడంటే నాలుగన్నాడు. నాలుగంటే రెండన్నాడు. వేళ్లు మార్చేస్తున్నాడని కనిపెట్టాలన్నా కళ్లజోడు కావాలి కదా! కింద చేరిన పిల్లమూక పొట్టలు పట్టుకుని నవ్వింది.

ఆ మూక పెరిగి పెద్దదై చెదిరిపోయింది. చెయ్యి మాత్రం దిగలేదు. ఇంట్లో నలుగురు చేరినా, లాండ్రీలో టీకి కూర్చున్నా, ఆ హస్తం ధ్వజస్తంభంలా లేచేది. "ఇవెన్నిరా?" ఎదురు మాట్లాడితే, "సరదాకన్నాన్రా, దానికే ఇంత ఇదైపోతావేం?" సరదా! దేవదానవుల ఆయుధాగారాల్లో సైతం అంతటి అభేద్య కవచం లేదు. పైగా తమ్ముడి ముందు తప్పొప్పుకున్న అన్నయ్య ఆ వంశంలో పుట్టలేదు. పుడతాడన్న సూచనలూ లేవు.

వీరుడు సర్దుకుపోయాడు. సర్దుకుపోయేవాడే, కిందటి ఆదివారం ఆ చెయ్యి గురి మార్చకపోతే.

వీరుడి కూతురికి కొత్తగా కళ్లజోడు వచ్చింది. దానికీ ఏడేళ్లే. ఇంటికొచ్చిన అన్నయ్య, అంటే దాని పెదనాన్న, దాన్ని చూసి, కళ్లజోడు ముక్కు మీంచి సుతారంగా లాగి, చెయ్యెత్తి, "ఇవెన్నే, గుడ్లగూబ పిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో వీరుడూ ఉన్నాడు. అలవాటు! కాసేపటికి ఆ పిల్ల కళ్లజోడును బడిసంచి అట్టడుగున దాచేసింది. వారం గడుస్తున్నా బయటికి తియ్యలేదు.

ఆ వారమంతా వీరుడు ఇస్త్రీ చేసిన దుప్పట్లు ఒక్కటీ తిన్నగా లేవు.

అతనికి ఆయుధం దొరికిన చోటు ఇంగ్లీషు క్లాసు. పై అంతస్తుల్లో కొలువు కావాలంటే ఇంగ్లీషు రావాల్సిందేనని యాజమాన్యం శాసించడంతో, షిఫ్టు దిగాక సిబ్బంది భోజనాల గదిలో ఒక మేడమ్ పాఠం చెప్పేది. ఆమె పద్ధతి విచిత్రం. "కొత్త మాటలు బట్టీపడితే నిలవవండీ. దెబ్బ తగిలిన చోట పెడితే నిలుస్తాయి. చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరేడిపించారో లేచి కవితగా చెప్పండి. కాగితం వద్దు. కొత్త మాట రాగానే చెయ్యెత్తండి. మీరెన్ని వేళ్లు చూపిస్తే, మిగతావాళ్లు దాన్ని అన్నిసార్లు అనాలి."

వంటాయన తన చెవులు మెలిపెట్టిన మేనమామ మీద కవిత చెప్పి, 'క్రూయల్' అన్న మాటకు రెండు వేళ్లెత్తాడు. సభ రెండుసార్లు గర్జించింది. ఆ గర్జనలో అన్నయ్య గొంతే అందరికన్నా పెద్దది. అది విన్నప్పుడు, ముందు బల్ల దగ్గర విశాలంగా పరుచుకున్న ఆ వీపును చూస్తూ వెనకబల్ల దగ్గరి వీరుడు ఉలిక్కిపడ్డాడు. ఎన్ని వేళ్లెత్తితే అన్నిసార్లు! ఎవరెత్తినా!

క్లాసయ్యాక మేడమ్‌ని అడిగాడు. "సారీ కాకుండా దానికన్నా పెద్ద మాటేదైనా ఉందాండీ?"

"అపాలజైజ్. సారీ కాలు తొక్కినా అంటాం. ఇది మాత్రం తప్పు నాదేనని ఒప్పుకుని అనాలి."

ఇంట్లో ఫ్రిజ్ ముందు నిలబడి సాధన చేస్తుంటే భార్య తొంగిచూసింది. "ఎవరితోనండీ?"

"అన్నయ్యతో. అంటే, రేపు క్లాసులో."

"ఆయన చేత అనిపిస్తారా? మీరా?" ఆమె ఫ్రిజ్ తలుపు వేలితో తట్టింది. "అయితే గొణక్కండి. మీరు గొణిగితే ఈ ఫ్రిజ్ కూడా వినదు."

ఆ మరునాడే, మొదట వర్ణించిన సంధ్యాసమయాన, మేడమ్ పిలుపు వినగానే వీరుడు లేచాడు. అతని కుర్చీ కాళ్లు గచ్చు మీద చేసిన కీచురవం శంఖారావమై దిక్కులు పిక్కటిల్లజేసింది. పక్కబల్ల దగ్గర కునుకుతున్న హోటలు కాపలాదారు మేలుకున్నాడు. వీరుడు బల్లల నడుమ నడిచి సభ ముందు నిలిచాడు. ఎదురుగా, రెండు గజాల దూరంలో, అన్నయ్య.

"కానీరా గుడ్లగూబా, దంచెయ్!"

సభ నవ్వింది. అప్పుడతడు, శత్రువులు నివ్వెరపోగా, ఏ యోధుడూ చేయని సాహసానికి ఒడిగట్టాడు. తన కళ్లజోడు తనే తీసి జేబులో పెట్టుకున్నాడు. అన్నయ్య కరిగిపోయాడు. ఆ భుజాలు, ఆ మీసం, ఆ వెటకారపు చిరునవ్వు, సమస్తం ఒక మసక ముద్దగా మారిపోయాయి. ముద్దను చూసి ఎవరు భయపడతారు?

"ఐ వాజ్ సెవెన్," అన్నాడు. "మై గ్లాసెస్ వర్ న్యూ. సమ్‌వన్ టుక్ దెమ్. ది వరల్డ్ వాజ్ ఎ బ్లర్." మసకకు ఒక వేలు. "బ్లర్!" అంది సభ. "హి మాక్డ్ మి." వెక్కిరింతకు రెండు వేళ్లు. "మాక్డ్! మాక్డ్!" ప్రతి మాటా వింటినారి దాటిన నారసమై దూసుకుపోయింది. వ్యాకరణం అక్కడక్కడ గాయపడింది. వీరుడు వెనుదిరిగి చూడలేదు.

"ఎవ్రీబడీ లాఫ్డ్. ఐ లాఫ్డ్." ఇక్కడ చెయ్యి కళ్లజోడున్న జేబు మీదికి వెళ్లింది. ఫ్రిజ్ ముందు ఇలా జరగలేదు. "నౌ మై డాటర్ ఈజ్ సెవెన్. హర్ గ్లాసెస్ ఆర్ న్యూ. లాస్ట్ సండే, ఎవ్రీబడీ లాఫ్డ్. ఐ లాఫ్డ్ ఆల్సో."

ముందు బల్ల దగ్గర కుర్చీ ఒకసారి కిర్రుమంది.

"మై డాటర్," అన్నాడు వీరుడు, భోజనాల గది గోడలు ప్రతిధ్వనించేలా, "ఐ అపాలజైజ్!"

కుడిచెయ్యి లేచింది. ఐదు వేళ్లూ విచ్చుకున్నాయి.

"ఐదా?" అంది మేడమ్. "రెండు చాలేమోనండీ."

"ఐదు, మేడమ్."

"ఐ అపాలజైజ్!" సభ ఏకకంఠంతో మోగింది. రెండోసారీ మోగింది. మూడోసారికి కాపలాదారు ఆవలించాడు. నాలుగోసారి వంటాయన సగంలో ఆపి దగ్గాడు. ఐదోసారి ఎవరూ అనలేదు. విసుగు మహాసైన్యాలనే ఓడిస్తుంది, భోజనాల గది ఎంత? వీరుడి చెయ్యి అలాగే ఉంది.

అప్పుడు ఆ మసక ముద్దలోంచి ఒక్క గొంతు వచ్చింది. మెల్లగా, తడి తువ్వాలంత బరువుగా.

"ఐ అపాలజైజ్."

వీరుడు తడుముకుంటూ కళ్లజోడు పెట్టుకున్నాడు. అన్నయ్య తల వంచుకుని, చొక్కాచేతికి అంటిన నూగును ఒక్కొక్క పోగే ఏరుతున్నాడు. క్లాసయ్యాక మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు.

"ఆ మాట బానే ఉందిరా," అన్నాడు. "నోరు తిరగడమే కష్టం."

అంతే. గబగబా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వీరుడు కవితనంతా కూతురికి తెలుగులో చెప్పాడు. "నవ్వినందుకు నిజంగా సారీ చెప్తున్నావా నాన్నా? ఎన్నిసార్లు చెప్తావ్?"

"నువ్వెన్ని వేళ్లు చూపిస్తే అన్నిసార్లు."

పది చూపించింది. కాళ్లవి కూడా చూపించబోయింది గానీ, వాళ్లమ్మ భోజనానికి పిలిచింది. బడిసంచి అట్టడుగు నుంచి కళ్లజోడు బయటికి వచ్చింది.

ఆదివారం వచ్చింది. గుమ్మంలో అన్నయ్య. గదిలో చుట్టపక్కాలు. కుర్చీలో కళ్లజోడు పెట్టుకుని కూతురు. అందరూ నవ్వడానికి సిద్ధమైపోయారు. అలవాటు కొద్దీ ఆ మహాహస్తం లేచింది. నడుము దాటింది. భుజం దాటింది. పిల్ల రెండు చేతులతో కళ్లజోడు గట్టిగా పట్టుకుంది. వీరుడు కుర్చీలోంచి సగం లేచాడు.

చెయ్యి గాల్లో ఆగింది. తటపటాయించింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి వెళ్లి, సొంత తల గోక్కుంది.

"ఏమ్మా," అన్నాడు అన్నయ్య, "బాగుంది కళ్లజోడు."

దుందుభులు మోగలేదు. పూలవాన కురవలేదు. నవ్వుదామని నోరు తెరిచిన చుట్టాలు ఆ నోళ్లను ఏం చేయాలో తెలియక టీ తాగారు. అయినా సకల భువనాలూ ఆలకించుగాక! దశాబ్దాలుగా లేచిన ఆ చెయ్యి, ఆనాడు ఏమీ అడగకుండా దిగిపోయింది. ఎన్ని వేళ్లు చూపబోయాడో చరిత్రకు తెలియదు. గోక్కున్నది మాత్రం ఐదింటితోనూ.