ఆఖరి కుళాయి నీళ్లు

ఆ సోమవారం పొద్దున చుక్కలాయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వంటింటి కుళాయి కింద రెండు సీసాలు పట్టాలి, టీ తాగాలి, తొమ్మిదిన్నర బస్సు ఎక్కాలి. నగర నీటి సరఫరా ఆఫీసులో నీళ్లు పరీక్షించడం ఆయన ఉద్యోగం. గాజు గొట్టంలోంచి మందు వదులుతూ, ఎన్నో చుక్కకి రంగు మారిందో లెక్కబెట్టి, నీటి కఠినత్వం ఎంతో రాస్తాడు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని చుక్కలాయన అంటారు.

నిబంధన ప్రకారం ఆ నీళ్లు పైపు చివర, గుట్ట కింద ఉన్న ఆఖరి కుళాయి దగ్గర పట్టాలి. అది రెండు కిలోమీటర్ల ఎగుడుదిగుడు నడక. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నడిచాడు. ఆ తర్వాత ఒక వానరోజున, అదే పైపు తన వంటింట్లోకీ వస్తోందని గుర్తొచ్చింది. పైపు అదే, నీళ్లు అవే, మోకాళ్లు మాత్రం సొంతం. అప్పటినుంచి ఎనిమిదేళ్లుగా ఇంట్లో నీళ్లు పట్టి, సీసా మీద "ఆఖరి కుళాయి" అని చీటీ అంటిస్తున్నాడు. ఆ సంగతి తెలిసింది భార్య ఒక్కదానికే. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. రెండు నెలల్లో రావలసిన ప్రమోషన్ గురించి ఇక చెప్పనక్కర్లేదు.

ఆ రోజు ల్యాబులో మొదటి చుక్కకే నీళ్లు ఎరుపు నుంచి నీలానికి మారిపోయాయి. మామూలుగా నలభై చుక్కలు పడితే గానీ మారని మొండి నీళ్లవి. మందు పాడైందనుకుని కొత్త సీసా తీశాడు. మళ్లీ ఒక్క చుక్కే. మూడోసారి మందు వదులుతుంటే ఇంజనీరు గారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏమయ్యా, ఇవెక్కడి నీళ్లు?"

"ఆఖరి కుళాయివి సార్." అలవాటైన అబద్ధం కాబట్టి తడబడలేదు.

"పోయిన నెల గుట్ట దగ్గర నేను వాల్వు మార్పించాను. చూశావా ఫలితం."

వాల్వు మారిస్తే నీళ్ల గుణం మారదని చుక్కలాయనకి తెలుసు. ఆ మాట పైకి అంటే ఇంజనీరు గారి గుణం మారుతుందనీ తెలుసు. ఒక్క చుక్క అనే రాశాడు. సాయంత్రానికి కబురు సంస్థ చైర్మన్ గారికి, ఆయన్నుంచి పత్రికల వాళ్లకి చేరింది. మర్నాడు పొద్దున్నే "మన కుళాయిల్లో మెత్తటి నీళ్లు" అని పేపర్లో వేశారు. ఏళ్ల తరబడి సబ్బుతో కుస్తీ పడుతున్న జనం, ఆ నీళ్లు తమ ఇంటికి ఇంకా రాలేదేమని ఆఫీసుకి ఫోన్లు మొదలుపెట్టారు. చైర్మన్ గారికి పౌరుషం వచ్చింది. గురువారం పది గంటలకి ఆఖరి కుళాయి దగ్గర, అందరి ముందూ, తన చేత్తో సబ్బు నురగ తెప్పించి చూపిస్తానన్నారు.

చుక్కలాయన పేపరు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏమైందో అర్థం కావట్లేదే. నీళ్లు ఉన్నట్టుండి మెత్తబడ్డాయి."

భార్య గిన్నె కడుగుతూ తల తిప్పలేదు. "మెత్తబడక ఏం చేస్తాయండీ. శుక్రవారం తమ్ముడొచ్చి మిషన్ బిగించాడుగా."

"ఏ మిషన్?"

"నీళ్లని మెత్తబరిచే మిషన్. సింకు కింద ఉంది, చూసుకోండి. ఎన్నేళ్లుగా అడుగుతున్నాను? నీళ్ల ఆఫీసు వాడి ఇంట్లో నీళ్ల మిషనేంటి, నలుగురూ నవ్వుతారన్నారు. నవ్వితే నవ్వనీండి, నా జుట్టు నాకు కావాలి."

"సీసాలు పడుతుంటే ఒక్క మాట చెప్పొచ్చుగా."

"ఆ సీసాల ఊసు ఇంట్లో కూడా ఎత్తొద్దని మీరేగా అన్నారు."

సింకు కింద, బకెట్ల వెనక, గ్యాస్ బండంత నీలం డబ్బా ఉంది. ఆయనకి భయమేసింది. నిజం చెబితే ఎనిమిదేళ్ల సీసాలూ బయటికొస్తాయి. చెప్పకపోతే గురువారం చైర్మన్ గారి చేతిలో సబ్బు రాయిలా ఉండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కబురందుకుని బావమరిది పానాల సంచీతో వచ్చాడు. అతను ప్లంబరు. లోకంలో ఏ కష్టమైనా పైపు మార్చితే తీరుతుందని అతని నమ్మకం.

"దీనికింత దిగులెందుకు బావా. మిషన్ తీసుకెళ్లి ఆ కుళాయికే బిగిద్దాం. పక్కనే వాల్వు పెట్టె ఉంది, అందులో పడుతుంది."

"పట్టపగలు ఎవరైనా చూస్తే?"

"మరమ్మతు జరుగుతోందని బోర్డు పెడితే ఎవరూ దగ్గరికి కూడా రారు."

"నా మిషన్ మళ్లీ నాకు తెచ్చిస్తారా?" అంది ఆవిడ.

"గురువారం సాయంత్రానికి నీ సింకు కిందే ఉంటుంది," అన్నాడు చుక్కలాయన.

బుధవారం మధ్యాహ్నం బోర్డు పెట్టి పని కానిచ్చారు. ఒకే ఒక్క పెద్దమనిషి ఆగాడు. తన ఇంటి ముందు గుంత ఎప్పుడు పూడుస్తారని అడిగి, జవాబు కోసం ఆగకుండానే వెళ్లిపోయాడు.

గురువారం చైర్మన్ గారు చేతులు రుద్దుకున్నారు. మోచేతుల దాకా నురగ. జనం చప్పట్లు కొట్టారు. చుక్కలాయనకి ప్రాణం లేచొచ్చింది. అంతలో పత్రికాయన కెమెరా ఎత్తాడు.

"ఆ వాల్వు కూడా ఒకసారి చూపించండి సార్."

చుక్కలాయన అడ్డం వెళ్లేలోపే ఇంజనీరు గారు తన చేత్తోనే పెట్టె మూత ఎత్తారు. లోపల నీలం డబ్బా. ఆయన దానివంక చాలాసేపు చూశారు. వాల్వు మార్చమని ఆయన సంతకం పెట్టింది ఆఫీసు కుర్చీలో కూర్చుని. గుట్ట దాకా రావడం అదే మొదటిసారి.

"ఇదే," అన్నారు చివరికి నింపాదిగా. "కొత్త రకం."

చైర్మన్ గారు మురిసిపోయారు. ఎవరూ ముట్టుకోకుండా అక్కడికక్కడే పెట్టెకి పెద్ద తాళం వేయించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. ఇంత మంచి నీళ్లని మొదట కనిపెట్టినందుకు చుక్కలాయన భుజం తట్టి, ప్రమోషన్ కాగితం రేపే పంపమన్నారు.

ఇంటికెళ్లి ఆ మాట చెబితే భార్య ఓపిగ్గా చివరిదాకా విన్నది.

"సంతోషమండీ. నా మిషన్ ఏది?"

చెప్పాడు. ఆవిడ లోపలికెళ్లి రెండు ఖాళీ బిందెలు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

అప్పటినుంచి కొత్త ప్రధాన పరీక్షకుడు చుక్కలాయన రోజూ పొద్దున్నే గుట్ట కిందికి నడుస్తున్నాడు. సోమవారాలు బిందెలతో పాటు సీసాలూ అక్కడే నింపుతున్నాడు. ఎనిమిదేళ్లూ నీళ్లు నిజం, చీటీ అబద్ధం. ఇప్పుడు చీటీ నిజం.