ఉడుము వీరాస్వామి తీర తనిఖీ

ఒకానొక పెద్ద అడవి. నడిసముద్రంలో దీవి మీద ఉండడంతో అంతకంటే పెద్దదయ్యే వీలు లేకపోయింది. ఆ అడవికొక మండలి ఉంది. మండలి పెరగడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఒకరోజు ఒడ్డు దగ్గరికి డాల్ఫిన్లు వచ్చి గెంతుతున్నాయని కబురొచ్చింది.

"ఎవరి అనుమతితో?" అన్నాడు మండలి అధ్యక్షుడు, అడవిపంది భూషణం.

ఎవరికీ తెలియదు. తనిఖీకి ఉడుము వీరాస్వామిని పంపారు. ముప్పై ఏళ్ల సర్వీసులో అతను ఒక్కసారీ నవ్వలేదని మంచి పేరుంది.

వీరాస్వామి ఇసుకలోకి దిగి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడేం చేస్తున్నారు?"

"ఆడుకుంటున్నాం బాబాయ్," అంది ముందున్న ఆడ డాల్ఫిన్.

"దేనికి?"

ఆ ప్రశ్న దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అది నీళ్లలో తేలుతున్న కొబ్బరికాయను ముక్కుతో అతని వైపు ఎగరేసింది.

నెత్తిమీద పడబోతుంటే వీరాస్వామి తోకతో కొట్టాడు. ఆత్మరక్షణ కోసమే. కాయ మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టాడు. నాలుగోసారి కాస్త ఆలస్యమైతే "ఇటు, ఇటు!" అని ఎవరో కేక పెట్టారు. అది తన గొంతేనని తెలిసి అతనికి భయం వేసింది.

సాయంత్రం నివేదిక నిజాయితీగానే రాశాడు: "ప్రయోజనం కనబడలేదు. రేపు మళ్లీ వెళ్లి చూడాలి."

ఎనిమిది రోజులు అదే రాశాడు. తొమ్మిదో రోజు భూషణం స్వయంగా వచ్చి చూశాడు. వెంటనే ఆటల శాఖ ఏర్పాటైంది. మర్నాడు అడవంతా ఒడ్డున వరసల్లో నిలబడితే గుమాస్తా కొంగ నిబంధనలు చదివింది. ఆట ఎనిమిది నుంచి తొమ్మిది వరకే. సర్వీసు ఎక్కువున్న డాల్ఫిన్ ముందు గెంతాలి. పదమూడో నిబంధనకు వచ్చేసరికి నీళ్లమీద ఒక్క డాల్ఫిన్ రెక్కా లేదు.

"ఆట విజయవంతం," అని పుస్తకంలో రాసుకున్నారు. తనిఖీలో ఆనందించినందుకు వీరాస్వామిని సస్పెండ్ చేశారు.

అతను తలదించుకుని, ఎవరికీ ముఖం చూపలేక, దీవి అవతలి ఒడ్డుకు నడిచాడు.

"ఇంత ఆలస్యమేంటి బాబాయ్?" అంది డాల్ఫిన్.

సంగతి పొక్కింది. కొంగ ఫైళ్లు నీళ్లలో ముంచి సస్పెండైంది. జింకలు సభలో కునుకు తీసి సస్పెండయ్యాయి. నెల తిరిగేసరికి అవతలి ఒడ్డున నిలబడ్డానికి చోటు లేదు.

తన సామాను తెచ్చుకుందామని వీరాస్వామి ఒకసారి మండలికి వెళ్లాడు. భూషణం ఒక్కడే కూర్చున్నాడు. ముందు ఒక కాగితం ఉంది. అధ్యక్షుణ్ని సస్పెండ్ చేయాలని తీర్మానం. రాసిందీ, బలపరచిందీ ఆయనే.

"కోరం లేక రోజూ వాయిదా పడుతోందయ్యా," అన్నాడు భూషణం దిగులుగా. "నువ్వొక్కసారి చెయ్యెత్తితే చాలు."

వీరాస్వామికి నిజంగానే జాలేసింది.

"సస్పెండైనవాణ్ని కదండీ," అన్నాడు. "నాకు ఓటు లేదు."

నీతి: ఉద్యోగంలో మరీ పైకి పోకండి, మిమ్మల్ని సస్పెండ్ చేసే నాథుడు ఉండడు.