మాస్టారికి ఒక్క లాప్‌టాపు

దసరా సెలవుల్లో, విజయదశమికి ముందురోజు ఉదయం త్రినాధరావు పెట్టుకున్న పని ఒక్కటే. బయటికి వెళ్ళి ఒక లాప్‌టాపు కొనుక్కుని మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి రావడం. అనకాపల్లిలో గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కనుక, ఒకటి అంటే ఒకటే అన్న నమ్మకం అతనికి ఉండేది.

పాత లాప్‌టాపు కిందటి వారం తెర నల్లబడి మళ్ళీ వెలగలేదు. బాగుచేసే అతను విప్పి చూసి, మదర్‌బోర్డు పోయింది, దీని మీద ఖర్చు పెట్టడం దండగ అన్నాడు. అందులో పోయిందల్లా ఒక చిన్న ప్రోగ్రాం. త్రినాధరావు సొంతంగా నేర్చుకుని రాసింది. సాయంత్రం ఆరు కాగానే తెర మీద "టీ పెట్టమంటారా?" అని ఒక ప్రశ్న వచ్చేది. అవునని మీట నొక్కితే "రెండు నిమిషాలు" అని జవాబు వచ్చేది. అంతకు మించి అది చేసే పని లేదు. టీ అతనే పెట్టుకునేవాడు. భార్య శ్రీదేవి పోయి ఏడాది కావస్తోంది. ఆ ప్రశ్న ఆమె రోజూ ఆ వేళకే, ఆ మాటల్లోనే, వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేది.

పండక్కని మునగపాక నుంచి వచ్చిన అక్క మరిడమ్మ కూడా ఆరింటికి టీ ఇచ్చేది. కానీ అడిగేది కాదు. "అడగడానికేటుందిరా, ఎలాగా తాగుతావు కదా" అనేది.

లాప్‌టాపు విషయం త్రినాధరావు తమ స్కూల్లో కంప్యూటర్లు చెప్పే తారక్‌ని అడిగాడు.

"కొత్తది వద్దు సార్. మీరనుకున్న డబ్బుకి కొత్తది కొంటే పైకి బాగుంటాది, లోపల సరుకుండదు. ఆఫీసుల్లో వాడి తీసేసింది తీసుకోండి. కీబోర్డు గట్టిగా ఉంటాది. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే చాలు. మీరు రాసేది లైట్ ప్రోగ్రామింగే కదా. ఇంతకీ ఏం రాస్తన్నారు సార్?"

"టైమ్‌టేబుల్" అన్నాడు త్రినాధరావు.

అచ్యుతాపురం వైపు ఒక కంపెనీ ఆఫీసు వేరే చోటికి మారుస్తూ పాత లాప్‌టాపులు అమ్మేస్తోందని తారక్కే చెప్పాడు. అక్కడికి ఒక్కడే వెళ్ళి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ అనకాపల్లిలో చెప్పుల జత కొనడానికైనా ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. చిన్నప్పటి నుంచి స్నేహితుడు, బెల్లం వర్తకుడు రామ్‌గోపాల్ తన వ్యాను తీసుకుని వచ్చేశాడు.

"బావా, అక్కడ నువ్వు నోరు తెరవకు. మేస్టార్లు బేరమాడితే అవతలోడు పాఠం అనుకుంటాడు" అన్నాడు దారిలో.

"ఎనిమిది జీబీ ర్యామ్..." అని మొదలుపెట్టాడు త్రినాధరావు.

"సరుకు చూడ్డం నాకొదిలేయ్."

కంపెనీలో కిరణ్ అనే కుర్ర ఆఫీసరు ఒక బల్ల మీద లాప్‌టాపులన్నీ వరసగా పేర్చి, మొదటిది తెరిచి పెట్టాడు. రామ్‌గోపాల్ దాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు. వేలి కణుపుతో మూత మీద రెండుసార్లు కొట్టి విన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పాడు. చివరికి వాసన కూడా చూశాడు.

"నలుపు" అన్నాడు.

"అన్నీ నలుపే సార్. ఆఫీసు మోడలు" అన్నాడు కిరణ్.

"మా మార్కెట్లో నల్లసరుక్కి రేటు సగం బాబూ."

కిరణ్‌కి ఆ బెల్లం లెక్క అర్థం కాలేదు. అయినా మర్యాదగా చెప్పాడు. "ఒక్కటే అయితే చీటీ మీదున్న ధరండి. మొత్తం లాటు తీసుకుంటే ఒక్కోటి మీరన్నట్టే సగానికి ఇచ్చేస్తాం. మాకూ గది ఖాళీ అవుతాది."

బెల్లం మార్కెట్లో ఒక్క దిమ్మ కొనేవాడంటూ ఉండడు. ముందున్న దిమ్మ మీద చెయ్యి వేసి రేటు ఒప్పుకుంటే వెనకున్న వరసంతా అతనిదే. ఒకటే కావాలన్న వాణ్ణి కిరాణా కొట్టుకి దారి చూపించి పంపుతారు. రామ్‌గోపాల్ మీసాలు రాకముందు నుంచీ ఆ మార్కెట్లో పెరిగినవాడు. సగం రేటు, లాటు అనే రెండు మాటలు పక్కపక్కన వినపడగానే అతని చెయ్యి దానంతటదే వెళ్ళి లాప్‌టాపు మీద పడింది.

"ఖాయం" అన్నాడు.

త్రినాధరావు నోరు తెరవకూడదని ఒప్పుకుని ఉన్నాడు కనుక తెరవలేదు. బయటికి వచ్చాక అడిగాడు.

"ఒక్కటి కదరా నాకు కావలసింది."

రామ్‌గోపాల్ మొహంలో మొదటిసారి కొంచెం తడబాటు కనిపించింది. "అవున్రా. చెయ్యి వేసేశాను కదా. వేసిన చెయ్యి వెనక్కి తీస్తే రేపు నా మొహం ఎవడు చూస్తాడు? కంగారు పడకు, డబ్బు నాది. నీది నువ్వు ఏరుకో. మిగతావి రెండ్రోజుల్లో అమ్మేస్తాను."

"ఎన్ని?"

"పద్దెనిమిది."

గీతలు పడకుండా ఒక్కో లాప్‌టాపునీ వ్యానులో ఉన్న బెల్లం గోనెల్లో జాగ్రత్తగా చుట్టి తెచ్చారు. తన గోడౌన్లో పెడితే చీమలు పడతాయని ఆలోచించి, రామ్‌గోపాల్ వాటిని త్రినాధరావు ఇంట్లోనే దింపించాడు. గోనెల్లో ఉన్న చీమలు కూడా వాటితోపాటే దిగాయి.

"ఏట్రా ఇది? ఒకటి తెత్తానని ఎల్లి, సంతంతా తెచ్చేసేవేటి?" అంది మరిడమ్మ.

మర్నాడు విజయదశమి. ఒక్కొక్కటే తెరిచి చూసి మంచిది ఏరుకుందామని త్రినాధరావు పొద్దున్నే వరండాలో చాపలు పరిచి, పద్దెనిమిదింటినీ వరసగా పెట్టి, స్నానానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ప్రతి లాప్‌టాపు చుట్టూ పసుపు గీత ఉంది.

"సీమలు బారులు కట్టేయి. పసుపు జల్లేను. ఇంక రావు" అంది మరిడమ్మ. చెప్పినట్టే చీమలు రాలేదు. ఎదురింటి కుమారి వచ్చింది.

కుమారి తన గుమ్మంలోంచి చూసింది ఇది. దశమి పూట, మాస్టారి వరండాలో, కడిగిన నేల మీద చాపలు, చాపల మీద వరసగా కంప్యూటర్లు, వాటికి పసుపు. ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కూతురు చిన్నారికి కొత్త గౌను తొడిగి, ఒక చేత్తో కొబ్బరికాయ, మరో చేత్తో అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది.

"కంప్యూటరు సెంటరు పెడుతున్నట్టు మాటమాత్రం చెప్పలేదేటండీ మాస్టారూ. ఎదురుగా ఉన్నవాళ్ళం."

"సెంటరు కాదమ్మా. చీమలు" అన్నాడు త్రినాధరావు.

"మీరలాగే అంటారు. శ్రీదేవక్క ఉంటే ముందు మాకే చెప్పేది."

త్రినాధరావు చెప్పబోయింది ఆగిపోయింది. ఆ పేరు విన్నాక అతనికి మాట వెంటనే రాదు. కొంతసేపటికి వస్తుంది, కానీ అంతసేపు ఎవరూ ఆగరు. కుమారి ఆగలేదు. చిన్నారిని మొదటి లాప్‌టాపు ముందు కూర్చోబెట్టి, "దశమి నాడు పిల్లని వెనక్కి పంపకూడదండీ. ఒక్క అక్షరం నొక్కించండి చాలు" అంది. అది నిజమే. ఆ రోజు చదువుకని వచ్చిన పిల్లని వద్దనడం త్రినాధరావు ఎన్నడూ చెయ్యలేదు. నొక్కించాడు. చిన్నారి చప్పట్లు కొట్టింది. కుమారి ఫోటో తీసింది.

ఆ ఫోటో పేటలోని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుండగా, మరోవైపు రామ్‌గోపాల్ తన సరుకు అమ్మకం మొదలుపెట్టాడు. తనకి బెల్లం వేసే రైతులందరికీ ఫోన్లు చేశాడు. పదకొండు కాకముందే గొలుగొండ నుంచి చిన్నబ్బాయి అనే చెరకు రైతు మోటారు సైకిల్ మీద ఇద్దరు కొడుకులతో దిగాడు. వరండాలో అప్పటికే ఏడెనిమిదిమంది పిల్లలు ఉన్నారు.

"మాస్టారూ, లాప్‌టాపు కొంటే సదువు కూడా మీరే సెప్తారా, లేపోతే దానికేరేనా?"

"నేనేమీ చెప్పడం లేదు చిన్నబ్బాయ్."

"మరి ఈలంతా ఏటి సేత్తన్నారు?"

చిన్నబ్బాయి కొడుకులిద్దరూ ఖాళీగా ఉన్న చోట కూర్చున్నారు. తరవాత రోలుగుంట రైతులు వచ్చారు. ఎవరో గుమ్మానికి బంతిపూల దండ కట్టారు. ఎవరో కీబోర్డుల పక్కనే కొబ్బరికాయ కొట్టబోతే మరిడమ్మ చేతిలోంచి లాక్కుంది. "నీల్లు పడితే పోతాదంట. నా తమ్ముడు నిన్ననే తెచ్చేడు. బయట కొట్టు."

ఒక లాప్‌టాపు ఎంపిక చేస్తానని మాట ఇచ్చిన తారక్ పెన్‌డ్రైవుతో వచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు.

"సార్, ఒకటన్నారు కదా."

"ఒకటే" అన్నాడు త్రినాధరావు. "ఏదో చెప్పు."

తారక్ వరస చివరిదాకా చూసి, "అన్నీ ఒకటే మోడలు సార్. ఎనిమిది జీబీ, ఎస్ఎస్‌డీ. అన్నీ మంచివే" అన్నాడు. అది ఎవరికీ ఉపయోగపడని సలహా. చేసేది లేక కూర్చుని, అన్నింట్లోనూ ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టాడు.

రెండింటికి హెడ్మాస్టరు పోతురాజు ఫోను.

"త్రినాధరావు గారూ, ఏటండీ ఇది? గవర్నమెంటు మాస్టారు ప్రైవేటు సెంటరు పెడితే ఉద్యోగం ఉంటాదా? వరహాలక్ష్మి మేడం ఫోటో చూసేరు. పండగని కూడా చూడకుండా సాయంత్రం మీ ఇంటికే వత్తన్నారు."

వరహాలక్ష్మి మండల విద్యాధికారి. నవ్వితే నవ్వినట్టు రికార్డులో రాయాల్సి వస్తుందన్నట్టు ఉంటుంది. త్రినాధరావు ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక మెమో కూడా తీసుకోలేదు. ఫోను పెట్టేసి జరిగింది రామ్‌గోపాల్‌కి చెప్పాడు.

"నువ్వు ఫీజు తీసుకుంటున్నావనే కదా వాళ్ళ బాధ. ఆ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు రామ్‌గోపాల్. లాప్‌టాపుల చార్జర్లు వచ్చిన అట్టపెట్టె చింపి, పెద్ద అక్షరాలతో 'ఫీజు లేదు' అని రాసి గేటుకి కట్టాడు. గంట తిరిగేసరికి జనం రెట్టింపయ్యారు.

పిల్లలు ఊరికే కూర్చోలేదు. మీటలు పీకడం మొదలైంది. ఒకణ్ణి చూసి ఒకడు తెర మీద వేళ్ళతో రుద్దుతున్నాడు. వాళ్ళని కుదురుగా కూర్చోబెట్టడానికి ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడుతున్న అలవాటు కొద్దీ త్రినాధరావుకి తెలిసిన దారి ఒక్కటే. నిలబడి పాఠం చెప్పడం. కానీ ప్రోగ్రామింగులో అతనికి మొదటి నుంచి చివరిదాకా వచ్చినది ఒక్కటే ఉంది. చాక్‌పీసు తీసుకుని, వరండా గోడ మీద ఆ టీ ప్రోగ్రాం నాలుగు వరసలూ రాశాడు. పిల్లలు దాన్ని ఎక్కించుకున్నారు. తెలుగు అక్షరాలు కొట్టడం రాక ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు.

"ఇదేం చేస్తాది మాస్టారూ?" అంది చిన్నారి.

"ఆరింటికి ఒక మాట అడుగుతుంది."

"ఎందుకు?"

"ఆరవుతుంది కనుక" అన్నాడు త్రినాధరావు.

ఆరుకి కొంచెం ముందు గేటు ముందు స్కూటరు ఆగింది. వరహాలక్ష్మి దిగి, బంతిపూల దండ చూసింది. అట్టముక్క చదివింది. చేతిసంచీ జిప్పు తీసి లోపలి మెమో కాగితం ఒకసారి తడిమి చూసుకుంది. జనం దారి ఇచ్చారు. రామ్‌గోపాల్ చీమల సంగతి చెప్పబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

"త్రినాధరావు గారూ. ఇది సెంటరేనా?"

"కాదు మేడం. నాకు ఒక లాప్‌టాపు కావలసి వచ్చింది."

వరహాలక్ష్మి చాపల వరస ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. "ఒకటి" అంది.

"ఒకటే మేడం. చిన్న ప్రోగ్రాములకి. చవకలో. మిగతావి ఈ రామ్‌గోపాల్‌వి."

నిజం ఇంత అన్యాయంగా వినిపిస్తుందని త్రినాధరావు ఎప్పుడూ అనుకోలేదు. వరహాలక్ష్మి కాగితం బయటికి తీసింది. "పొద్దున్నుంచీ ఏం నేర్పారు?"

అతను చెప్పే లోపలే చాప చివర ఉన్న లాప్‌టాపు తెర వెలిగింది. దాని గడియారం కొంచెం ముందుంది. "టీ పెట్టమంటారా?" అని చిన్నారి పైకి చదివింది. తరవాత దాని పక్కది. గడియారాలు ఒక్క తీరుగా లేవు కనుక ప్రశ్న వరస వెంట నడిచి వచ్చింది. ప్రతి తెర దగ్గరా ఎవరో ఒక పిల్ల, పిల్లాడు దాన్ని గట్టిగా చదివారు. టీ పెట్టమంటారా. టీ పెట్టమంటారా. పద్దెనిమిదోది వరహాలక్ష్మి కాళ్ళ దగ్గర ఉంది.

వరహాలక్ష్మి ఈ ఇంటికి ఇంతకు ముందు రెండుసార్లు వచ్చింది. రెండోసారి పరామర్శకి. మొదటిసారి ఏదో పని మీద, ఇదే వేళకి. ఆ రోజు వంటింటి గుమ్మంలోంచి ఒక మనిషి ఇదే మాట అడిగింది. వరహాలక్ష్మి ఒకసారి గుమ్మం వైపు చూసి, తరవాత త్రినాధరావు వైపు చూసింది. అతను గోడ మీది చాక్‌పీసు రాతను తుడుస్తున్నాడు. అప్పటికే తుడిచేసిన చోటే తుడుస్తున్నాడు.

"ఇంకేమన్నా నేర్పారా?"

"నాకొచ్చింది ఇదొక్కటే మేడం."

ఆమె కాగితాన్ని సంచీలో పెట్టి జిప్పు వేసింది. "దీనికి ఫీజు పుచ్చుకున్నారని తెలిస్తే మాత్రం ఊరుకోను. సెలవులయ్యాక ఇవి స్కూల్లో పెట్టి సాయంత్రాలు చెప్పండి. పోతురాజు గారికి నేను రాస్తాను. వీటి డబ్బు సంగతి స్కూలు కమిటీ ఈయనతో మాట్లాడుతుంది."

"లాటుగానే ఇస్తాను మేడం" అన్నాడు రామ్‌గోపాల్. "విడిగా ఇవ్వను."

అంటే పద్దెనిమిదీ స్కూలుకే. త్రినాధరావు లెక్క వేసుకున్నాడు. తనకి కావలసిన ఒకటి ఇంకా కొనవలసే ఉంది.

"మేడం, ఇది జవాబు అడుగుతోంది" అంది చిన్నారి.

వరహాలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. "పెట్టమను" అంది.

చిన్నారి మీట నొక్కింది. ఆ పిల్లని చూసి వరసంతా నొక్కింది. రెండు నిమిషాలు, రెండు నిమిషాలు అని అందరూ చదువుతుండగా, వంటింట్లోంచి మరిడమ్మ తల బయటికి పెట్టి, జీవితంలో మొదటిసారి టీ గురించి అడిగింది.

"తమ్ముడూ, ఇంతమందికేట్రా?"

త్రినాధరావు అవునన్నట్టు తలూపాడు.

ఇంట్లో ఉన్నవి అర లీటరు పాలు.