నడినెత్తి ధ్రువీకరణ పత్రం

మనిషి యోగ్యతను కొలవడానికి ప్రపంచంలో రకరకాల పద్ధతులున్నాయి. కొన్ని చోట్ల మార్కులు చూస్తారు. కొన్ని చోట్ల ఇంటిపేరు అడుగుతారు. ఇంకొన్ని చోట్ల ఎవరి తాలూకు అని అడిగి, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. ఇవన్నీ పక్షపాతానికి తావిచ్చే పద్ధతులు. సుమోలో మేం అలాంటి పొరపాటు చెయ్యలేదు. ఆ బాధ్యత మొత్తం జుట్టుకి అప్పజెప్పాం.

నేను టోక్యోలో సుమిద నది పక్కనున్న మినెగవ హెయలో ఉంటాను. (హెయ అంటే పద్నాలుగు మంది మల్లులు కలిసి తిని, కలిసి పడుకుని, మధ్యలో ఒకళ్లనొకళ్లు తోసుకునే ఇల్లు.) దాన్ని నడిపే గురువుగారు మా బాబాయ్. నాలుగేళ్లు కంప్యూటర్లు చదివినందుకు నాకక్కడ సాంకేతిక సలహాదారు అనే హోదా ఉంది. అంటే ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే పిలుస్తారు. ఆడవాళ్లు బరి మీద కాలు పెట్టకూడదు కాబట్టి, బరి మీద వేలాడే కెమెరా పక్కకి తిరిగిపోతే నేను గట్టు మీద నిలబడి వెదురు కర్రతో సరిచేస్తాను. (నా బయోడేటాలో ఇది 'దూరం నుంచి పనిచేసిన అనుభవం' కింద ఉంది.)

మా వ్యవస్థ చాలా సరళమైనది. పైన రెండు తరగతులు, కింద నాలుగు. పై తరగతుల వాళ్లకి జీతం, సొంత గది, పట్టు నడికట్టు, స్నానంలో వీపు రుద్దడానికి ఒక మనిషి, పెళ్లి చేసుకుని బయట కాపురం పెట్టుకునే వీలు ఉంటాయి. కింది తరగతుల వాళ్లకి అన్నం ఉంటుంది.

కజెనొషిమ అన్న పదహారో ఏట చేరి, పద్దెనిమిదేళ్లుగా అన్నం విభాగంలోనే ఉన్నాడు. అందరికంటే ముందు లేచి బరి ఊడుస్తాడు, అందరూ తిన్నాక మిగిలిన చాంకో పులుసు తింటాడు, పెద్ద హాల్లో పదమూడు గురకల మధ్య పడుకుంటాడు. వీధి చివర భోజనం డబ్బాల కొట్లో పనిచేసే మిచియొతో ఆయనకి నిశ్చితార్థమై తొమ్మిదేళ్లయింది. (ఆ నిశ్చితార్థాన్ని బళ్లో వేసుంటే ఈపాటికి మూడో క్లాసు.) ఆయన పై తరగతికి, అంటే జూర్యోకి ఎక్కితే పెళ్లి. ఎక్కకపోతే డబ్బాలో ఒక ముక్క చేప అదనం.

జనవరి పోటీల్లో అన్న ఏడింట ఐదు గెలిచాడు. బుధవారం పొద్దున సుమో సంఘం నుంచి ఫోనొచ్చింది. జూర్యోకి ఎక్కాడు.

అన్న బరి అంచున కూలబడి ఏడ్చాడు. "ఏడిస్తే ఏడువు గానీ పక్కకెళ్లి ఏడువు, మట్టి తడుస్తుంది" అన్నాడు బాబాయ్.

అన్న మిచియొకి ఫోన్ చేశాడు.

"వచ్చింది."

"ఏంటి, జ్వరమా?"

"జూర్యో."

అవతల కొట్లో ఎవరో, "నాలుగు డబ్బాలు చెప్పి అరగంటయింది, ఏమ్మా?" అనడం వినిపించింది.

సమస్య మధ్యాహ్నానికి బయటపడింది. కింది తరగతుల్లో మామూలు సిగ చాలు. జూర్యోకి ఎక్కినవాడు పోటీకి గింకో ఆకు సిగతో దిగాలి. నడినెత్తి మీద విసనకర్రలా విచ్చుకునే ఆ సిగకి బోలెడు జుట్టు కావాలి. అన్న నడినెత్తి ఖాళీ అయి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ చెవుల పక్కన ఉన్నదాన్ని పైకి లాగి, మైనం నూనె దట్టించి, మా హెయలో సిగలు కట్టే తొకొగెన్ తాత ఎలాగో ఒక ముడి నిలబెడుతున్నాడు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు. సిగ కట్టుకోలేని మల్లుడు ఇంటికి పోవాల్సిందే మరి.

"తాతా, ఎలాగైనా ఆకు కట్టవా?" అన్నాడు అన్న.

"ఒరే, నేను సిగలు కడతాన్రా. వ్యవసాయం చెయ్యను" అన్నాడు తాత. అంటూనే దువ్వెన తీశాడు.

పదోన్నతి పొందిన మల్లుడు వారం లోపల కేశార్హతా విభాగానికి పదకొండో నంబరు ఫారం పెట్టాలి. విభాగం ఈ మధ్యే ఆధునికమైంది. 'సిగ మిత్ర' అనే యాప్‌లో నడినెత్తి ఫొటో ఎక్కించి, వచ్చిన జవాబుని ప్రింట్ తీసి, గురువుగారి ముద్ర వేసి, ఫ్యాక్స్ చేస్తే చాలు. (కాగిత రహిత విధానం కాబట్టి మూడు ప్రతులే అడుగుతారు.)

నేను ఫొటో ఎక్కించాను. యాప్ ఒక నిమిషం ఆలోచించింది.

"ఒక ఫొటోలో ఒక వ్యక్తి మాత్రమే ఉండాలి. ఇద్దరు కనిపిస్తున్నారు."

ట్యూబులైటు వెలుగు నడినెత్తి మీద పడి మెరుస్తోంది. దాన్ని యాప్ ఇంకొకరి ముఖం అనుకుంది. తాత ఇంకాస్త నూనె రాసి సర్దాడు. మళ్లీ తీశాను.

"రెండో వ్యక్తి నవ్వుతున్నారు. దయచేసి గంభీరంగా ఉండమని కోరండి."

నేను విభాగానికి ఫోన్ చేశాను. తనిఖీ అధికారి కుమెద గారు ఎత్తారు. చాలా మర్యాదస్తుడు.

"రెండో వ్యక్తి ఎవరూ లేరండీ. అది ఆయన తలే" అన్నాను.

"యాప్ ఉన్నారంటోంది కదమ్మా. వారి వివరాలు కూడా నింపేస్తే సరిపోతుంది."

"లేని మనిషి వివరాలు ఎలా నింపనండీ?"

"మొదటి వ్యక్తితో వారి సంబంధం రాయండి చాలు. మిగతావి ఐచ్ఛికం."

'పైన ఉంటారు' అని రాశాను. యాప్ ఆమోదించింది. అయితే రెండో వ్యక్తి సుమోలో నమోదు కాలేదు కాబట్టి, ఫైలు ప్రత్యక్ష తనిఖీకి వెళ్లింది.

కుమెద గారు సోమవారం వచ్చారు. పొట్టి మనిషి. చెవుల దాకా లాగిన ఉన్ని టోపీ, సంచిలో దువ్వెన, స్కేలు, భూతద్దం. తాత ఆ రోజు పొద్దున ఐదింటి నుంచి పని చేస్తున్నాడు. మెడ మీది వెంట్రుకల్ని కూడా పిలిపించాడు. చివరికి అన్న నెత్తి మీద ఒక ఆకు నిలబడింది. శీతాకాలం ఆకు అనుకోండి, కానీ ఆకే.

మిచియొ కూడా కొట్టు మధ్యలో వదిలేసి, నడుముకి కట్టుకున్న గుడ్డతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

కుమెద గారు స్కేలు పెట్టారు. రాసుకున్నారు. భూతద్దం పెట్టారు. అన్న ఊపిరి బిగబట్టాడు. (అంత మనిషి ఊపిరి బిగబడితే గదిలో అందరికీ తెలుస్తుంది.)

"నడినెత్తి ఖాళీగా ఉంది" అన్నారు కుమెద గారు.

"గొరిగాను" అన్నాడు తాత.

ఇది అబద్ధమే గానీ, చాలా గౌరవనీయమైన అబద్ధం. జుట్టు మరీ ఒత్తుగా ఉన్న మల్లులకి సిగ కుదురుగా కూర్చోదు. అందుకని వాళ్లకి నడినెత్తి గొరిగేస్తారు. తరతరాలుగా ఉన్న పద్ధతి. ఫారంలో పదో ప్రశ్న దాని గురించే: 'నడినెత్తి ఖాళీ చేయబడినదా?' దాని పక్కన తాత 'అవును' అని రాసి, ముద్ర కూడా వేసేశాడు.

కుమెద గారు అన్న నెత్తిని వేలితో తడిమి చూశారు. నున్నగా ఉంది.

"ఇది గొరిగిందా, ఊడిందా?"

తాత దువ్వెన కింద పెట్టాడు. "ఆ ప్రశ్న ఫారంలో ఉందా అండీ?"

కుమెద గారు ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివారు. తిప్పి వెనకవైపు కూడా చూశారు. పదమూడు ప్రశ్నలున్నాయి.

"లేదు" అన్నారు.

"లేనిదానికి మనమేం చెప్తాం."

కుమెద గారు ముద్ర వేశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, ఉన్నికి ఉక్కపోసిందని కాబోలు, టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. ఒక్క వెంట్రుక లేదు. "నేనూ బరిలో ఉండేవాణ్ణమ్మా. ఇరవయ్యేడో ఏట మానేశాను" అన్నారు నాతో, అడక్కపోయినా. టోపీ మళ్లీ పెట్టుకున్నారు.

మార్చిలో అన్న పదిహేనింట ఎనిమిది గెలిచాడు. మేలో ఇంకో ఎనిమిది. జూన్‌లో పెళ్లి. కొట్టు పైన ఒక గది అద్దెకి తీసుకున్నారు. గురక ఒక్కటే వినిపిస్తుంటే మొదటి రాత్రి తనకే నిద్రపట్టలేదని అన్న చెప్పాడు. (ఆ గురక ఎవరిదో చెప్పలేదు.)

జూలైలో నగోయలో నాలుగో రోజున, అవతలివాడి మెడకింద తల పెట్టి తోస్తుండగా, ఆకు ఊడి చేతికొచ్చింది. అవతలివాడి చేతికి. అతను మంచివాడు, మర్యాదగా వెనక్కిచ్చాడు. వారం తిరగకముందే సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. 'మీరు స్వచ్ఛందంగా విరమించుకుంటున్నందుకు విచారిస్తున్నాము' అని ఉంది. తేదీ వాళ్లే వేశారు.

విరమించే మల్లుడి సిగ కోసే వేడుకలో ఒక్కొక్క అతిథి వచ్చి తలా కాస్త కత్తిరించాలి. నూట నలభై మందిని పిలిచారు. నేను పట్టిక వేసి భాగిస్తే మనిషికి మూడు వెంట్రుకలు వచ్చాయి. పెద్ద మల్లులకి ఈ వేడుక బరి మీద జరుగుతుంది. అన్నకి అంత అర్హత లేదు కాబట్టి హోటల్లో, కుర్చీలో జరిగింది. అందువల్ల మిచియొ, నేనూ కూడా కత్తెర పట్టుకోగలిగాం. (ఆడవాళ్లకి సమాన హక్కులు లేవనే వాళ్లు ఆ హోటల్ తివాచీని చూసి ఉండరు.)

చివరి కోత బాబాయ్ కోశాడు. కొయ్యడానికి పెద్దగా ఏం లేకపోయినా చాలాసేపు కోశాడు.

ఇక ముప్పయ్యైదేళ్ల మనిషికి, నూటయాభై కిలోల మనిషికి, తోయడం తప్ప ఇంకోటి రాని మనిషికి ఉద్యోగం కావాలి. గదికి అద్దె కట్టాలి. మిచియొకి నెల తప్పింది. సంఘం తనవాళ్లని వదులుకోదు. సెప్టెంబరులో కుమెద గారు పదవీ విరమణ చేస్తే, ఆ కుర్చీకి ఇంటర్వ్యూ పెట్టారు. అన్నకి వచ్చింది. మా హెయలో ఎర్ర చేప, బియ్యంతో చేసిన సారా తెచ్చుకుని సంబరం చేసుకున్నాం. "మనోడే తనిఖీ ఆఫీసరు. ఇక మనకి భయమేంటి?" అన్నాడు హొదకయమ.

హొదకయమకి ఇరవై తొమ్మిది. పదమూడేళ్లుగా అన్నం విభాగం. ఆ నెల పోటీల్లో ఆరు గెలిచి జూర్యోకి ఎక్కాడు. ఆయన నడినెత్తి పరిస్థితి నేను చెప్పను. యాప్ మాత్రం ముగ్గురు కనిపిస్తున్నారంది.

సోమవారం అన్న వచ్చాడు. చెవుల దాకా ఉన్ని టోపీ, సంచి. మేం ఘనంగా కూర్చోబెట్టి టీ ఇచ్చాం. స్కేలు పెట్టాడు. రాసుకున్నాడు. భూతద్దం పెట్టాడు. వేలితో తడిమాడు.

"ఇది గొరిగిందా, ఊడిందా?"

హొదకయమ ముసిముసిగా నవ్వాడు. మేమందరం నవ్వాం. తాత దువ్వెన కింద పెట్టి, సరదాగా గొంతు సవరించుకున్నాడు.

"ఆ ప్రశ్న ఫారంలో ఉందా అండీ?"

అన్న నవ్వలేదు. ఫారం తిప్పి, వెనకవైపు అడుగున చూపించాడు. పద్నాలుగో ప్రశ్న. కొత్తగా అచ్చేసింది.

"ఇంటర్వ్యూలో అడిగారు తాతా, ఈ ఫారంలో లోపం ఏదైనా చెప్పమని" అన్నాడు, టోపీ కిందకి లాక్కుంటూ. "నాకు తెలిసింది అదొక్కటే."

హొదకయమ మాతోనే ఉన్నాడు. అన్నానికి లోటు లేదు.