ప్రార్థన పెట్టెలో పదో తరగతి

శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన ఒక హైస్కూలు. పేరెందుకు లెండి, అక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు పెద్దమనుషులై తిరుగుతున్నారు. 1996 ఫిబ్రవరిలో ఒక శనివారం ఆ బడిలో పదో తరగతికి వీడ్కోలు సభ. పొద్దున్నే తొమ్మిదో తరగతి వాళ్ళు రంగు కాగితాలు కడుతున్నారు. లడ్డూలు, మిక్చరు వచ్చేశాయి. వెళ్ళిపోయేవాళ్ళకు మిగిలిన పని ఒక్కటే, ఐదేళ్ళు కలిసి చదివినందుకు గుర్తుగా ఏదో ఒకటి చెయ్యడం.

ఆ ఏదో ఒకటి క్లాసు లీడరు చిన్మయి బుర్రలో పుట్టింది. ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో అందరూ అందరికీ "నన్ను మరచిపోకు" అనే రాస్తున్నారని ఆమెకు విసుగొచ్చింది.

"ఆరో తరగతి నుంచి మనం చేసిన వెధవ పనులు తలా ఒక చీటీ మీద రాద్దాం. పేర్లు వద్దు. పెట్టెలో వేసి తాళం పెట్టి, టీసీలు చేతికొచ్చాక తెరుద్దాం. అప్పుడింక హెడ్మాస్టరు గారు కూడా ఏమీ చెయ్యలేరు," అంది.

"తాళమున్న పెట్టె ఏడ దొరుకుతది?" అంది జూలీ.

"నేను తెస్త," అన్నాడు ఆశేర్.

కొంప మునిగింది అక్కడే. ఆశేర్ తండ్రి జ్ఞానయ్య ఊళ్ళో చర్చికి సంఘ పెద్ద. చర్చి గుమ్మం పక్కన, పైన చీటీ పట్టేంత గంటు ఉన్న చెక్క పెట్టె ఒకటి ఉంటుంది. కష్టమున్నవాళ్ళు, ఏ మతంవాళ్ళయినా సరే, చీటీ రాసి అందులో వెయ్యవచ్చు. ఆదివారం జ్ఞానయ్య తాళం తీసి ఒక్కొక్కటే చదువుతాడు, సంఘమంతా ఆమెన్ అంటుంది. శనివారం దాని జోలికెవరూ రారని ఆశేర్ ధీమా. సాయంత్రం బాపు స్నానానికి పోయినప్పుడు తాళంచెవి తీసి, క్లాసు చీటీలు ఏరుకుని, పెట్టెను దాని చోట పెట్టేస్తే సరి. లోపల అప్పటికే వారం రోజుల ప్రార్థన చీటీలున్నాయని వాడికి తెలుసు.

"పైనున్నయి మనయి, కిందున్నయి గుడియి. గంతే," అని జూలీకి భరోసా ఇచ్చాడు.

అందరూ రాసి వేశారు. ఇంతలో వరండాలో హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు వినబడేసరికి కంగారులో పెట్టెను తలకిందులుగా బెంచీ కిందికి తోశారు. పైనా కిందా అక్కడితో సరి.

ఆశేర్ రాసిన చీటీ మామూలుది కాదు. దసరా సెలవుల ముందు రోజు హెడ్మాస్టరు జగన్మోహనరావు గారి స్కూటరు బడి స్టేజీ మీదికెక్కింది. బొట్టు, బంతిపూల దండ, హ్యాండిలుకు నిమ్మకాయలు, ముందు కొట్టిన కొబ్బరికాయ. పిల్లలు వరుసగా నిలబడి దణ్ణం కూడా పెట్టుకున్నారు. ఆయన నాలుగు నెలలు విచారణ జరిపారు. దొరికినవాడి కాండక్టు సర్టిఫికెట్టు మీద ‘అసంతృప్తికరం’ అని ఎర్రసిరాతో రాస్తానని పొద్దుటి బడి ప్రార్థనలో ప్రకటించారు. అందరినీ అడిగారు గాని ఆశేర్‌ను అడగలేదు. సంఘ పెద్ద కొడుకు స్కూటరుకు బొట్టు పెడతాడని ఎవరనుకుంటారు? ఆ ధైర్యంతోనే వాడు పెట్టాడు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో హాస్టలున్న కాలేజీలో వాడికి సీటు ఖాయమైంది. వాళ్ళడిగిన కాగితాల్లో మొదటిది కాండక్టు సర్టిఫికెట్టే.

సభలో లడ్డూలు పంచుతుండగా జ్ఞానయ్య వచ్చాడు. చర్చి ఊడ్చే రాములమ్మ పెట్టె కనబడక కేక పెట్టిందట. పదకొండు గంటలకల్లా చర్చిలో దొంగలు పడ్డారన్న కబురు బుద్వేల్ దాకా పోయిందట.

"పొద్దుగాల నుంచి పరేషాన్ అయితున్న సార్. మా పోరగాడు ఏమన్న చూసిండేమో అడుగుదామని..." అంటూనే జ్ఞానయ్య ఆగిపోయాడు. తొమ్మిదో తరగతి వాళ్ళు బెంచీలు సర్దుతూ తీసి పెట్టారు కాబోలు, మేజా మీద, పూలకుండీ పక్కన, ఆయన పెట్టె ఉంది.

ఆశేర్ లేచి నిలబడ్డాడు. "నేనే తెచ్చిన బాపు. గిప్పుడే ఇచ్చేద్దామనుకున్న."

"అడిగితే ఇయ్యనారా?" అని జ్ఞానయ్య పెట్టె చంకన పెట్టుకోబోయాడు. క్లాసు మొత్తం గతుక్కుమంది. అది అలాగే వెళ్ళిపోతే రేపు చర్చి నిండా జనం ముందు చదువుతారు.

"అంకుల్, అందులో మా చీటీలు కొన్ని ఉన్నాయండీ. తీసేసుకుంటాం," అంది చిన్మయి.

"విప్పకుండ ఎవరిదేదో ఎట్ల తెలుస్తది బిడ్డా? విప్పినంక చదవాలె. చదివినంక ఆమెన్ అనాలె. గది మా పద్ధతి."

"మంచి పద్ధతండీ," అన్నారు జగన్మోహనరావు గారు కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "తాళం తియ్యండి. నేను చదువుతాను."

మొదటి చీటీ విప్పారు. "మా బర్రె నెల నుంచి పాలు సరిగ ఇస్తలేదు. దయ చూడు తండ్రీ."

"గుడిది," అన్నాడు జ్ఞానయ్య కళ్ళు మూసుకుని. అందరూ బుద్ధిగా ఆమెన్ అన్నారు.

"ఏడో తరగతి హాజరు పట్టీ బావిలో వేసింది నేనే."

"ఆమెన్," అన్నాడు జ్ఞానయ్య.

"ఆగండాగండి. ఇది మన బడిది."

"గుడిదేమో సార్," అంది జూలీ.

"గుడికి హాజరు పట్టీ ఎందుకమ్మా?"

"సండే స్కూలుకు ఉంటది సార్."

హెడ్మాస్టరు జ్ఞానయ్య వైపు చూశారు. "ఉంటది సార్," అన్నాడాయన, నిజమే కాబట్టి. గత్యంతరం లేక హెడ్మాస్టరు కూడా ఆమెన్ అనాల్సి వచ్చింది.

మూడోది సైన్సు గదిలోని అస్థిపంజరానికి తెలుగు మాస్టారి కండువా కప్పినవాడిది. "మా గుడిల అస్థిపంజరం లేదు," అని జ్ఞానయ్య ఎవరూ అడగకముందే చెప్పేశాడు. అయినా ఆమెన్ అన్నాడు. ఆ తర్వాత ఒక మోకాళ్ళ నొప్పి, ఒక గోడ దూకుడు, ఒక పెళ్ళి సంబంధం, మూడు కాపీలు బయటపడ్డాయి. క్లాసు గొంతులో ఆమెన్ అంతకంతకూ సన్నబడుతోంది.

"స్కూటరుకు పూజ చేసింది నేను," అని చదివి హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. "మోసినోళ్ళు నలుగురు, బొట్టు మాత్రం నాదే. సంఘ పెద్ద కొడుకునని సారు నన్ను ఒక్క మాట కూడ అడగలే."

ఈసారి ఆమెన్ ఎవరూ అనలేదు. ఊళ్ళో సంఘ పెద్ద ఒక్కడే.

"బొట్టు పెట్టినవారా?" అన్నాడు జ్ఞానయ్య మెల్లగా. "కొబ్బరికాయ గూడ కొట్టినవా?"

"ఒకటే దెబ్బకు పలిగింది బాపు," అన్నాడు ఆశేర్.

హెడ్మాస్టరు జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీసి మూత విప్పారు. "ఆశేర్, సోమవారం వచ్చి నీ కాండక్టు సర్టిఫికెట్టు పట్టుకెళ్ళు. నేను చెప్పిన మాటే అందులో ఉంటుంది." సికింద్రాబాద్ సీటు వాడి కళ్ళముందే ఆవిరైపోయింది. చిన్మయికి ఏడుపొచ్చింది. పాడు ఆలోచన తనదే కదా.

"ఇంకొకటి ఉన్నది సార్," అన్నాడు జ్ఞానయ్య నీరసంగా.

హెడ్మాస్టరు ఆ చివరి చీటీ విప్పారు. చూశారు. మడిచి జేబులో వేసుకున్నారు.

"చదవాలె సార్."

"ఇది... ఖాళీ కాగితమండీ."

"ఖాళీదైనా ఆమెన్ అంటం. ఇటియ్యండి. జేబుల పెట్టుకునే పద్ధతి లేదు."

చీటీ చేతికొచ్చింది గాని జ్ఞానయ్య కళ్ళజోడు ఇంటి దగ్గరే మరిచాడు. "ఇంత చేసినవు కదా, ఇదొకటి చదువు," అని కొడుక్కిచ్చాడు.

ఎర్రసిరా చూడగానే ఆశేర్‌కు అర్థమైంది. ఉత్తరం ఎలా రాయాలో వాళ్ళకు నేర్పింది హెడ్మాస్టరు గారే.

"గౌరవనీయులైన ప్రభువు గారికి. విషయము: బదిలీ కొరకు విన్నపము. సూచిక: జిల్లా విద్యాధికారి గారికి పంపిన నా గత మూడు విన్నపములు. ఆర్యా, ఈ పదవ తరగతి వారి వలన నాకు రక్తపోటు వచ్చినది. కావున నన్ను ఈ బడి నుండి తప్పించవలసినదిగా ప్రార్థన."

లెక్కల టీచరు ప్రేమావతి పైకప్పు వైపు చూస్తూ కూర్చుంది. చర్చి పెట్టెలో చీటీ వేస్తే పని జరుగుతుందని హెడ్మాస్టరుకు చెప్పింది ఆవిడే; పైకి చదువుతారని మాత్రం చెప్పలేదు. క్లాసు నవ్వు ఆపుకోలేక బెంచీల మీద పడిపోతోంది.

"ఇంకా ఉన్నది," అన్నాడు ఆశేర్. "గమనిక: వీరు పరీక్షలు వ్రాసి, అందరూ పాసయిన తరువాతనే బదిలీ చేయవలెను. మధ్యలో వీరిని వేరొకరికి అప్పగించుట నాకిష్టము లేదు."

జగన్మోహనరావు గారు కిటికీలోంచి బెంగుళూరు బస్సును అవసరానికి మించి చూశారు. జూలీ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు జ్ఞానయ్య చెప్పకుండానే క్లాసంతా ఒక్కసారి ఆమెన్ అంది, పక్కనున్న తొమ్మిదో తరగతి గదిలో కిటికీలు అదిరేలా.

సోమవారం ఆశేర్ చేతికొచ్చిన సర్టిఫికెట్టు మీద ‘సంతృప్తికరం’ అని ఉంది, నీలిసిరాతో. అయితే దాన్ని తీసుకోవడానికి ముందు వాడు స్కూటరు కడగాల్సి వచ్చింది. ఇంటి దగ్గర జ్ఞానయ్య రెండు నెలల ఆదివారాలు చర్చి ఊడ్పించాడు.

పరీక్షల్లో అందరూ పాసయ్యారు. జూన్‌లో హెడ్మాస్టరు గారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. సొంతూరు తెనాలి వెళ్ళడానికి సామాను సర్దుకుంటున్న ఆయన కవరు చించి చూస్తే అందులో మంఖాల్ అని ఉంది, శంషాబాద్‌కు పక్క ఊరే.

విన్నపంలో ఊరి పేరు రాయలేదు మరి.