గోడలు మాయమైన హాలు

ఆదివారం పది గంటలకు నలుగురు అతిథులు వస్తారు, కాసేపు పాటలు వింటారు, పదకొండుకు ఇడ్లీ తిని వెళ్తారు. కుందలహళ్ళిలో మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉంటున్న లలిత్ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని అతని భార్య సహన కూడా ఒప్పుకుంది. కానీ వచ్చేవాళ్ళు మామూలు అతిథులు కారు. నెలకొకసారి ఒకరింట్లో చేరి ఆ ఇంటి స్పీకర్లు ఎలా పలుకుతున్నాయో తేల్చే బృందం వాళ్ళది. పాట అయిపోయాక ఒక నిమిషం ఎవరూ నోరు విప్పకూడదు. ఆ తరవాత పెద్దాయన వెంకటరమణ ఒక్క మాట చెబుతాడు. అదే తీర్పు. అది వెలువడేదాకా కరకరలాడేవి గానీ ఘుమఘుమలాడేవి గానీ వంటింటి గడప దాటకూడదు.

లలిత్ ఈ బృందంలో చేరి ఐదు నెలలైంది. వైరు మార్చగానే తబలా దగ్గరికొచ్చిందని ఒకరంటారు, వయొలిన్‌లో తేమ పెరిగిందని ఇంకొకరంటారు. లలిత్‌కు ఏ తేడా వినిపించేది కాదు. అయినా అందరితో పాటు తల ఊపి ఇంటికొచ్చేవాడు, వచ్చాక దిగులు పడేవాడు. చిన్నప్పటి నుంచీ అతనికి పాటంటే ప్రాణం. అలాంటిది, అసలు పాట వినే చెవులే తనకు లేవేమోనన్న అనుమానం ఇప్పుడు పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే చెవులు బాగున్నాయనే రాసిస్తాడు. తేల్చాల్సింది వెంకటరమణ ఒక్కడే.

ఆయన రాక కోసమే లలిత్ శనివారం సాయంత్రం స్పీకర్లకు కొత్త వైర్లు వేశాడు. చూడ్డానికి బాగుంటాయని రెండు పోగులూ నల్లగా ఉన్నవి ఎంచుకున్నాడు. ఏది ఎక్కడికి పోతోందో తెలియక ఎడమ స్పీకరుకు ప్లస్సు చోట మైనస్సు, మైనస్సు చోట ప్లస్సు తగిలించాడు. ఈ సంగతి మనకు తెలుసు గానీ అతనికి తెలియదు.

పొద్దున ఏడింటికి పాట పెట్టి చూశాడు. రెండు స్పీకర్ల నడుమ నిలబడాల్సిన గొంతు గదంతా చెదిరిపోయింది. మృదంగం మీద వేళ్ళ చప్పుడే తప్ప మోత లేదు. ఏదో తేడాగా ఉందనిపించింది. బృందంలో ఎవరినైనా అడుగుదామంటే పరువు పోతుంది. కాబట్టి గ్రూపులో పాత మెసేజీలన్నీ వెతికాడు. కరెంటులో మురికి ఉంటే ఇలా అవుతుందని ఒకచోట కనిపించింది. వెంటనే వెళ్ళి ఫ్రిజ్ ఆపేశాడు.

"ఫ్రిజ్ ఎందుకు ఆపావు?" అంది సహన.

"కరెంట్ క్లీన్‌గా ఉండాలి."

"పాలు కూడా క్లీన్‌గానే ఉండాలి కదా లలిత్."

పాలు ఎదురింటి సమీనా ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. పెరుగు, కూరగాయలు కూడా వాటి వెంట వెళ్ళాయి. అయినా గొంతు నడుమకు రాలేదు. సోఫా తోలుకు తగిలి శబ్దం చెదురుతుందని ఇంకో మెసేజీలో ఉంది. సోఫా కారిడార్‌లోకి వెళ్ళింది. గోడలకు బొంతలు, రగ్గులు వేలాడదీశాడు. ఇక మిగిలింది కింద నీళ్ళ మోటరు. ఇంటి ఓనరు రామాంజినప్ప ఆదివారం ఎనిమిదింటికి దాన్ని వేస్తాడు, ట్యాంకు నిండేదాకా అది రొద పెడుతూనే ఉంటుంది. లలిత్ చప్పుడు చేయకుండా కిందికి దిగి స్విచ్చి ఆపేసి వచ్చాడు. అతిథులు వెళ్ళగానే మళ్ళీ వేద్దామనుకున్నాడు గనక ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడి నుంచి వ్యవహారం అతని చేయి దాటింది. ఫ్రిజ్‌లో సామానంతా తన ఇంటికి రావడం, కారిడార్‌లో సోఫా తేలడం చూసి, వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారని సమీనా నిర్ణయించుకుంది. ఆమె ఆఫీసులో బాలరాజు అనే అతను రెండు నెలలుగా ఇంటి కోసం తిరుగుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఇల్లు ఖాళీ అయితే గంటలో పోతుంది. సమీనా అతనికి కబురు పెట్టి, ఓనరు భార్య మునిలక్ష్మికి కూడా ఓ మాట చెప్పింది. అప్పటికి మునిలక్ష్మి కొళాయిలో నీళ్ళు రాక సబ్బు చేతులతో నిలబడి ఉంది.

పదింటికి వెంకటరమణ ముగ్గురు సభ్యులతో వచ్చి, హాల్లో సోఫా లేకపోవడం చూసి మెచ్చుకోలుగా తల పంకించాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని అందరూ కళ్ళు మూసుకున్నారు. పాట అయింది. నియమం ప్రకారం నిశ్శబ్దం మొదలైంది. అప్పుడే బాలరాజు కొలత టేపు పట్టుకుని లోపలికొచ్చాడు. తలలు వంచుకుని మౌనంగా కూర్చున్న నలుగురినీ చూసి ఈ ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు. అందుకే ఖాళీ చేస్తున్నారు పాపం అనుకుని, ఎవరినీ కదిలించకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు కొలవడం మొదలుపెట్టాడు. కిటికీ కూడా కొలిచి ఫోనులో రాసుకున్నాడు. వెంకటరమణ ఒక కన్ను తెరిచి చూశాడు. స్పీకర్ల దూరం సరిచూడడానికి లలిత్ ప్రత్యేకంగా నిపుణుణ్ణి పిలిపించాడని ఆయనకు అర్థమైంది. లలిత్ మాత్రం అతను వెంకటరమణ మనిషి అనుకుని కుర్చీ చూపించాడు.

నిమిషం గడిచింది. వెంకటరమణ గొంతు సవరించుకున్నాడు.

"గోడలు మాయమయ్యాయి లలిత్. ఈ హాల్లో గోడలే లేవు."

"ఉన్నాయి సార్, పద్నాలుగు అడుగులకు," అన్నాడు బాలరాజు.

దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సభ్యుల్లో చిన్నవాడైన గిరీష్ ఇంత విశాలమైన శబ్దం తాను ఎక్కడా వినలేదన్నాడు. మిగతా ఇద్దరూ లలిత్ చేయి పట్టుకుని ఊపారు. ఐదు నెలలుగా ఎదురుచూసిన క్షణమే అయినా లలిత్‌కు సంతోషం కలగలేదు. పొద్దుటి నుంచీ తనకు చెడ్డగా వినిపించింది వీళ్ళకు అద్భుతంగా ఉందంటే, ఇక అనుమానం అక్కర్లేదు. తనకు చెవులు లేవు. ఆ మాట లోపల స్థిరపడిపోయింది. బయటికి నవ్వుతూ రెండో పాట పెట్టాడు.

పాట సగంలో రామాంజినప్ప వచ్చాడు. దేవనహళ్ళి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ జాతరలకూ ముప్పై ఏళ్ళు మైకు సెట్లు కట్టి, ఆ సంపాదనతో ఈ ఇల్లు లేపిన మనిషి ఆయన.

"ఏమప్పా లలితూ, మోటరు ఆపింది నువ్వేనా? చెప్పకుండా ఇల్లు ఖాళీ చేస్తాండావంట, ఇదేం మర్యాదప్పా," అంటూ మొదలుపెట్టినవాడు మధ్యలో ఆగిపోయాడు. తల పక్కకు వంచి విన్నాడు. తిట్టడానికి వచ్చిన సంగతి మరిచిపోయాడు.

"ఈ డబ్బాకు వైరు తిరగేసినావు. ఒగటి ముందుకు తోస్తాంటే ఇంగోటి ఎనక్కి పీకుతాండాది. గొంతు ఎక్కడ నిలబడల్ల?"

ఎవరూ వద్దనే లోపే పాట ఆపించి, ఎడమ స్పీకరు వెనక వంగి రెండు పోగులూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి, మళ్ళీ పెట్టమన్నాడు. గొంతు వచ్చి హాలు నడుమ నిలబడింది. మృదంగం మోత కుర్చీ కాళ్ళ గుండా పాదాలకు తగిలింది. బాలరాజు టేపు చుట్టడం ఆపేసి వింటూ ఉండిపోయాడు. వంటింట్లోంచి సహన గరిటెతో సహా బయటికొచ్చింది.

లలిత్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడింటికి అతని చెవులు ఏది చెప్పాయో అదే నిజం. అవి మొదటి నుంచీ మంచి చెవులే. తల ఊపిన ఆ ఐదు నెలల్లోనూ తేడా వినిపించకపోవడానికి అక్కడ తేడా లేకపోవడమే కారణం కావచ్చు. ఆ ఆలోచనకు అతనికి సంతోషంతో పాటు కొంచెం సిగ్గు కూడా వేసింది. రామాంజినప్ప చేతులు పట్టుకుని మోటరు ఆపింది తానేనని, ఇల్లు వదిలి ఎక్కడికీ పోవడం లేదని చెప్పాడు. బాలరాజు మొహం వాడిపోయింది. సహన అతనికి ముందుగా ఇడ్లీ పెట్టింది.

వెంకటరమణ ఇదీ బాగానే ఉంది, కాకపోతే గోడలు తిరిగొచ్చాయన్నాడు. గబగబా తిని, ఇంట్లో పని ఉందని లేచాడు. మిగతా ముగ్గురికీ కూడా అప్పుడే పనులు గుర్తొచ్చాయి.

సాయంత్రంలోగా నలుగురూ విడివిడిగా లలిత్‌కు ఫోన్ చేసి రామాంజినప్ప నంబరు తీసుకున్నారు, ఆ సంగతి మిగతా ముగ్గురికీ తెలియనివ్వద్దని నలుగురూ కోరారు.