పేర్లన్నీ పూర్తయ్యేలోగా

ఎండెక్కక ముందే బలి ముగించి, ఇంటికొచ్చి, ముసుగు తన్ని తనివితీరా ఏడవాలని లాంపోన్ ఆ ఉదయం నిశ్చయించుకున్నాడు. ఓయిటా కొండ కింద ఆ ఊళ్లో చీటీ తీస్తే, ఊరు దేవుడిగా కొలిచే హెరాక్లీస్ వీరుడి పూజారిగా ఈ ఏడు అతని పేరే వచ్చింది. బలిపశువును ఇవ్వాల్సిందీ పూజారే. అతనికి ఉన్నది ఒక్క ఎద్దు, పిర్రోస్. తల్లి చచ్చిపోతే చేత్తో పాలు పట్టి పెంచాడు. కానీ ఏం చేస్తాడు? ఊరి ద్రాక్షతోటలన్నిటికీ గొంగళిపురుగు పట్టింది. వీరుడు కరుణించకపోతే ఒక్క గుత్తి మిగలదు.

"ఆయన పేర్లన్నీ వరసగా చెప్పు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే," అని భార్య ఫిలిన్నా గుమ్మం దాకా వచ్చి హెచ్చరించింది.

"నాకు తెలీదా ఏంటే!"

తెలియదు. అదే వచ్చిన చిక్కు.

బలిపీఠం దగ్గర ఊరంతా చేరింది. లాంపోన్ ఎద్దు తలమీదా వీపుమీదా నీళ్లు చల్లి, దోసెడు బార్లీ గింజలు పోసి, చేతులెత్తాడు. "ఓ హెరాక్లీస్! విజయవీరుడా! పురుగుల్ని చంపేవాడా!..."

"ఆగాగు! మిడతల్ని తరిమేవాడేడీ?" అంటూ ముసలి మ్నాసోన్ కర్ర ఎత్తాడు. "పోయినేడు మా చేను కాపాడిందెవరు, మీ తాతా?"

మళ్లీ నీళ్లు, మళ్లీ బార్లీ, మళ్లీ మొదలు. ఈసారి థేబ్స్ పట్నం నుంచి వచ్చిన లాంపోన్ కొత్తల్లుడు కాఫిసియాస్ ముఖం ముడుచుకున్నాడు. "శత్రువుల దూతల ముక్కులు కోసినవాడా అనలేదేం మామా? మా ఊళ్లో ఆ పేరుకే దండం పెడతాం. మేమంటే అంత అలుసా?"

నాలుగోసారికి, గోడవతలి నుంచి లాంపోన్ అత్తగారు కేకేసింది. "ఆయనకి పుట్టినప్పుడు పెట్టిన పేరు మింగేశావా, అల్లుడూ?"

అయిదోసారి "ఎద్దుల్ని తినేవాడా!" అని లాంపోన్ ఎద్దు వైపు చూశాడు. పశువు ఔనన్నట్టు తల వంచితేనే బలి. పిర్రోస్ అడ్డంగా తలూపింది.

"ఆ పేరు తీసెయ్!" అన్నారు కొందరు. "తీస్తే ఆయనకి కోపం రాదూ?" అన్నారు మిగతావాళ్లు. మాటామాటా పెరిగింది.

ఈలోగా ఎద్దు తడి వీపుమీద చేటెడు బార్లీ అంటుకుని ఉంది. ఎక్కడినుంచో నల్లపిట్టల గుంపు దిగి పొడవడం మొదలుపెట్టింది. పిర్రోస్ ఒక్క గెంతు గెంతి, పలుపు తెంపుకుని పరుగందుకుంది.

"పిర్రోస్! ఒరేయ్ పిర్రోస్! ఆగరా నాన్నా!"

అది వెనక్కైనా చూడలేదు. నేరుగా ద్రాక్షతోటల్లో పడింది. దాని వెనక పిట్టలు, పిట్టల వెనక ఊరు. బలీ పోయింది, తోటలూ పోయాయి అనుకుని లాంపోన్ దారిలోనే కూలబడ్డాడు.

కాసేపటికి తోటలోంచి కేకలు వినబడితే భయపడుతూ వెళ్లాడు. ఎద్దు తాపీగా ఆకులు నములుతోంది. పిట్టలు బార్లీ సంగతి మరిచిపోయి, తీగ తీగకూ గెంతుతూ పురుగుల్ని ఏరుకు తింటున్నాయి. మధ్యాహ్నానికి మరో రెండు గుంపులు దిగాయి. ఎద్దు మేసిన రెండు తీగలు తప్ప తోటలన్నీ దక్కాయి.

"బలి అందకముందే వరమిచ్చేశాడు!" అన్నాడు మ్నాసోన్ కళ్లొత్తుకుంటూ. "ఈ ఎద్దు ఆయనకి అక్కర్లేదురా, తోలుకుపో."

ఇంటికెళ్లాక ఏడవాలని దాచుకున్న ఏడుపంతా లాంపోన్ ఎద్దు మెడ కావలించుకుని ఆనందంగా ఏడ్చేశాడు.

"ఇంతకీ ఏ పేరుకి పలికినట్టు?" అన్నాడు కాఫిసియాస్.

"పిట్టల్ని తోలుకొచ్చేవాడు!" అన్నాడు మ్నాసోన్.

"పాత కథలో మనుషుల్ని తినే పిట్టల్ని తరిమిన వీరుడు కదా ఆయన?"

"అప్పుడు తరిమాడు, ఇప్పుడు తోలుకొచ్చాడు. ఆయనిష్టం!"

అలా వీరుడికి ఇంకో పేరు పెరిగింది. ఎద్దుకు మాత్రం ఉన్నది ఒక్కటే పేరు, దానికీ అది పలకదు.